గీతలో ఉన్నదెంత, మనలో ఉన్నదెంత

చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీ గీతచిత్రాల్లో మనిషి కనిపించడు, చెట్టు కనిపించదు, ఇల్లు కనిపించదు. 1970ల నాటికి ఆమె రంగును కూడా దాదాపుగా వదిలేశారు. తెల్ల కాగితం, నల్ల సిరా, పెన్సిలు, భవనాల ప్లాన్లు గీసేవారు వాడే పరికరాలు. ఇవే ఆమె సామగ్రి. ఒక చిత్రంలో వెంట్రుకంత సన్నని గీతలు పక్కపక్కనే వరసకట్టి, ఒకచోట చిక్కబడి, ఇంకోచోట పలచబడి సాగుతాయి. మరొకదానిలో కొన్ని ఏటవాలు గీతలు మాత్రమే కాగితాన్ని కోసుకుంటూ పోతాయి. మిగతా అంతా ఖాళీ. ఈ చిత్రాలకు ఆమె పేర్లు పెట్టలేదు. చాలావాటి మీద తేదీ కూడా వేయలేదు.

అయినా వాటి ముందు నిలబడ్డవారికి ఏదో ఒకటి కలుగుతుంది. ఒకరు ప్రశాంతంగా ఉందంటారు, ఒకరు ఎంత వేగమో అంటారు, ఇంకొకరికి గుబులుగా ఉంటుంది. కాగితం మీద ఉన్నది సిరా. సిరాకు గుబులు ఉండదు. మరి ఆ గుబులు ఎక్కడిది?

ఏ వస్తువునూ పోలని ఇలాంటి బొమ్మను నైరూప్య చిత్రం అంటున్నాం. దాన్ని చూడగానే మనలో చాలామంది రెండు మాటల్లో ఒకటి అంటారు. "నాకేమీ అర్థం కాలేదు" అన్నది మొదటిది. "ఎవరికేమనిపిస్తే అదే అర్థం" అన్నది రెండోది. మొదటి మాట వెనుక, చిత్రం ఒక పొడుపుకథ, దాని విడుపు ఎవరి దగ్గరో ఉందన్న నమ్మకం ఉంది. రెండో మాట వెనుక, చిత్రంలో అసలేమీ లేదు, ఉన్నదంతా చూసేవారి బుర్రలోనే అన్న నమ్మకం ఉంది. గత వందేళ్లలో మనస్తత్వ శాస్త్రం, నాడీశాస్త్రం చేసిన పరిశోధనల ముందు ఈ రెండూ నిలబడవు. గీతలోనే ఉండి అందరికీ ఇంచుమించు ఒకేలా తగిలే పాలు కొంత. మన ఊరు, మన చదువు, మన జ్ఞాపకాలు కలిపే పాలు కొంత. ఏది ఎంతో విడదీసి చూడగలిగితే, నైరూప్య చిత్రం గురించి కూడా ఆధారాలతో మాట్లాడుకోవచ్చు.

వస్తువు లేని గీతను చూడటం మనకు చేతకానిదేమీ కాదు. ఇంటి ముందు చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు దేని బొమ్మా కాదు. దాని అర్థమేమిటని ఎవరూ అడగరు. గీత తిరిగిన ఒడుపు, అల్లిక బిగువు, ఎక్కడా తెగకుండా మొదలుపెట్టిన చోటికే చేరిన తీరు చూసి మెచ్చుకుంటాం. అదే రకం గీత గోడమీద ఫ్రేములో కనబడేసరికి ఆ చూపును పక్కన పెట్టి, "ఇది ఏమిటి?" అని అడుగుతున్నాం.

కోపానికో గీత, దుఃఖానికో గీత

ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో కోపాన్ని, రెండో గడిలో దుఃఖాన్ని, మూడో గడిలో ఉల్లాసాన్ని ఒక్కొక్క గీతతో చూపండి. ముఖాలు, కన్నీటి చుక్కలు, పూలు వేయకూడదు. గీశాక పక్కనున్నవారికి ఇచ్చి ఏ గడిలో ఏ భావముందో చెప్పమనండి.

సరిగ్గా ఇలాంటి ప్రయోగాన్నే మనస్తత్వ పరిశోధకుడు హెల్గే లుండ్‌హోమ్ 1921లో 'సైకలాజికల్ రివ్యూ' పత్రికలో ప్రచురించారు. ఎనిమిది మందికి విశేషణాల జాబితా ఇచ్చి, ఒక్కో విశేషణానికి తగిన గీత గీయమన్నారు. విచారం, నెమ్మది, బద్ధకం, ఉల్లాసం, అలజడి, ఆగ్రహం, సౌమ్యం, కాఠిన్యం, ఇలా సాగింది ఆ జాబితా. వచ్చిన గీతల్లో పోలికలు కనబడ్డాయి. ఆగ్రహానికి, కాఠిన్యానికి కోణాలు తేలిన విరుపు గీతలు వచ్చాయి. సౌమ్యానికి, విచారానికి సాగిన వంపులు వచ్చాయి. విచారపు గీత కిందికి వాలింది, ఉల్లాసపు గీత పైకి లేచింది.

మూడేళ్ల తర్వాత, 1924లో, పోఫెన్‌బర్గర్, బారోస్ అనే ఇద్దరు ఇదే ప్రశ్నను తిరగేసి అడిగారు. గీయమని అడగకుండా, తామే 18 గీతలు తయారుచేశారు. వంపు గీతలు, విరుపు గీతలు. వాటిలో మందగతివి, మధ్యగతివి, వేగవంతమైనవి. మళ్లీ వాటిలో అడ్డంగా సాగేవి, పైకి ఎక్కేవి, కిందికి దిగేవి. ఒక్కో భావానికి ఏ గీత సరిపోతుందని అడిగితే, ఎంపికలు కొన్ని గీతల చుట్టూనే గుమిగూడాయి. మందగతిన కిందికి దిగే వంపు గీత విచారానికి పోయింది. అంటే గీసేవారి చేయీ, చూసేవారి కన్నూ ఒకే బాట పట్టాయి.

వందేళ్ల తర్వాత కంప్యూటర్ల సాయంతో ఈ పని మరింత జాగ్రత్తగా జరిగింది. 2023లో 'జర్నల్ ఆఫ్ విజన్'లో వచ్చిన ఒక అధ్యయనంలో ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు కూడా పాలుపంచుకున్నారు. చిత్రకళ చదివే విద్యార్థులను, కళతో సంబంధం లేనివారిని ఆరు భావాలకు నైరూప్య చిత్రాలు వేయమన్నారు: కోపం, అసహ్యం, భయం, సంతోషం, దుఃఖం, ఆశ్చర్యం. రంగుల్లో కొన్ని, ఒట్టి గీతల్లో కొన్ని. కోపపు చిత్రాలు ఎరుపుతో, దట్టమైన గీతలతో నిండాయి. దుఃఖానికి నీలం ఎక్కువగా వాడారు. చిత్రంలోని రంగులు, గీతల పొడవు, వంపు, దిశ వంటి లక్షణాలను మాత్రమే చూసి అది ఏ భావమో కంప్యూటరు చాలాసార్లు ఊహించగలిగింది. రంగు చిత్రాలను ఊహించడం తేలికైంది, ఒట్టి గీతలను ఊహించడం కష్టమైంది. ఇంకో సంగతి మరీ ఆలోచింపజేస్తుంది: కళ చదవనివారి చిత్రాలను పట్టుకోవడం సులువు, కళా విద్యార్థులవి పట్టుకోవడం కష్టం. మామూలు మనిషి అందరికీ తెలిసిన దారిలో పోతాడు. కళాకారుడు ఆ దారి తెలిసి కూడా పక్కకు తిరుగుతాడు. అందుకే మంచి నైరూప్య చిత్రం ఒక్క చూపులో పూర్తికాదు.

కన్ను గీతలతోనే మొదలుపెడుతుంది

1958లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో నాడీశాస్త్రవేత్తలు డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ పిల్లి మెదడులో, చూపుకు సంబంధించిన ప్రాంతంలో, ఒక్కొక్క నాడీకణం ఎప్పుడు స్పందిస్తుందో వింటున్నారు. గాజు స్లైడు మీద నల్లచుక్క పెట్టి చూపితే కణం పెద్దగా పలకలేదు. స్లైడును పరికరంలోకి తోస్తున్నప్పుడు మాత్రం ఉన్నట్టుండి టపటపా మోగింది. దాన్ని మోగించింది చుక్క కాదు, స్లైడు అంచు తెర మీద వేసిన సన్నని నీడగీత. అదీ ఒక నిర్దిష్టమైన వాలులో కదిలినప్పుడే. ఒక్కో కణానికి ఒక్కో వాలు ఇష్టమని తర్వాత తేలింది. ఈ పరిశోధనలకు 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

దీని సారం ఇది: మన మెదడు ముఖాన్నయినా, మర్రిచెట్టునయినా ముందు చిన్నచిన్న అంచులుగా, గీతలుగా విడగొట్టుకుని, తర్వాత వాటిని కూర్చుకుంటుంది. ఆ కూర్పు మామూలుగా ఎంత వేగంగా జరుగుతుందంటే, మనకు చివరి ఫలితం మాత్రమే తెలుస్తుంది. "ఇది కుర్చీ" అనుకోగానే కుర్చీ అంచుల వాలు మన దృష్టిలోంచి జారిపోతుంది. నైరూప్య చిత్రంలో చివరి ఫలితం దొరకదు. పేరు పెట్టి వదిలేయడానికి వస్తువు లేదు కాబట్టి, చూపు గీతల దగ్గరే ఆగిపోతుంది. జ్ఞాపకశక్తి మీద పరిశోధనలకు 2000లో నోబెల్ అందుకున్న ఎరిక్ కాండెల్, 2016లో రాసిన పుస్తకంలో ఈ సంగతినే విస్తరించారు. చిత్రకారుడు వివరాలు తగ్గించేకొద్దీ చూసేవారి ఊహకు పని పెరుగుతుందని ఆయన వాదన.

అయితే వాలును గుర్తించే కణం దుఃఖాన్ని గుర్తించదు. గీతను పట్టుకోవడం దగ్గరినుంచి భావం కలగడం దాకా ఇంకా దూరముంది. ఆ దారిలో తెలిసిన ఒక మజిలీ మొనల సంగతి. 2006లో మోషే బార్, మైటల్ నెటా అనే పరిశోధకులు ఒకే వస్తువుకు రెండు రూపాలు, గుండ్రని అంచులతో ఒకటి, పదునైన మూలలతో ఒకటి, చూపి ఏది నచ్చిందో వెంటనే చెప్పమన్నారు. గుండ్రటివే ఎక్కువగా నచ్చాయి. అర్థంలేని ఆకారాలతో చేసినా ఫలితం అదే. మరుసటి ఏడాది మెదడు స్కానింగులో, మొనదేలినవి చూసినప్పుడు అమిగ్డలా అనే భాగంలో చురుకుదనం ఎక్కువగా కనిపించింది. భయంతోనూ అప్రమత్తతతోనూ ముడిపడ్డ భాగమది. కోసే వస్తువులు, గుచ్చే వస్తువులు మొనదేలి ఉంటాయి. ఆ అనుభవమే కాగితం మీది మొనకూ అంటుకుంటుందని వారి ఊహ.

వాలిన కొమ్మ, కదిలిన చెయ్యి

బెర్లిన్‌లో చదువుకుని 1940లో అమెరికా చేరిన మనస్తత్వవేత్త రుడాల్ఫ్ ఆర్న్‌హైమ్ 1954లో 'ఆర్ట్ అండ్ విజువల్ పర్సెప్షన్' అనే పుస్తకం రాశారు. కొమ్మలు నేలకు వాలే విల్లో చెట్టు మనకు ఎందుకు విచారంగా కనిపిస్తుంది అని అందులో ఆయన అడుగుతారు. ఏడ్చే మనిషిని పోలినందుకని మనం జవాబిస్తాం. ఆయన ఒప్పుకోరు. ఆ కొమ్మల ఆకారం, దిశ, మెత్తదనం అన్నీ పట్టు వదిలి వేలాడటాన్నే చూపుతున్నాయి. దుఃఖంలో ఉన్న మనసూ, ఒళ్లూ చేసేది కూడా అదే. పోలిక తర్వాత వస్తుంది. ముందు తగిలేది ఆ వాలిన తీరు. నృత్యం నేర్చుకునే విద్యార్థులను దుఃఖాన్ని అప్పటికప్పుడు అభినయించమంటే, వారి కదలికలు నెమ్మదిగా, కొద్ది మేరలోనే, బిగువు లేకుండా సాగాయని కూడా ఆయన చెప్పారు. లుండ్‌హోమ్ ప్రయోగంలో విచారపు గీత కూడా అలాగే వాలిందని గుర్తుంటే, ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి బలపరచుకోవడం కనిపిస్తుంది.

గీతకు ఇంకో గుణముంది. అది ఒక కదలిక మిగిల్చిన జాడ. నొక్కిపెట్టి గీసిన గీత లావవుతుంది, విసిరిన గీత చివర సన్నబడుతుంది, తడబడిన గీత వణుకుతుంది. బాపు గీతను సంతకం చూడకుండానే తెలుగువాళ్లు గుర్తుపట్టేది ఆ చేతి విసురును బట్టే. గీతను చూస్తున్నప్పుడు మన మెదడు ఆ చేతి కదలికను లోపల తిరిగి నడుపుతుందా? 2012లో ఇటలీ పరిశోధకులు, డేవిడ్ ఫ్రీడ్‌బర్గ్ అనే కళాచరిత్రకారుడితో కలిసి, లూచో ఫాంటానా చిత్రాలతో ఈ ప్రశ్నను పరీక్షించారు. ఫాంటానా కాన్వాసును కత్తితో నిలువుగా చీల్చేవారు. ఆ చీలికే చిత్రం. వాటిని చూపినప్పుడు, చూసేవారి మెదడులో చేతి కదలికలకు సంబంధించిన ప్రాంతాల స్పందన, మెదడు విద్యుత్ సంకేతాలను నమోదుచేసే ఈఈజీలో కనబడింది. చీలిక స్థానంలో మామూలు గీత గీసిన నకలు చూపితే అలాంటి స్పందన రాలేదు.

ఈ ఫలితాన్ని ఎంతవరకు తీసుకోవాలో అంతవరకే తీసుకోవాలి. కదలికల ప్రాంతం స్పందించిందంటే భావం కలిగిందని రుజువైనట్టు కాదు. కానీ గీతను చూసేది కన్ను మాత్రమే కాదనీ, ఒళ్లు కూడా అందులో కొంత పాలుపంచుకుంటుందనీ అనుకోవడానికి అది ఒక ఆధారం. చిక్కటి విరుపు గీతల ముందు భుజాలు బిగుసుకున్నట్టు, పొడవాటి అడ్డగీత ముందు ఊపిరి నెమ్మదించినట్టు అనిపిస్తే, దాన్ని పట్టించుకోదగిన సాక్ష్యంగానే చూడాలి.

అందరికీ ఒకటేనా?

వోల్ఫ్‌గాంగ్ కోలర్ అనే మనస్తత్వవేత్త తన 'గెస్టాల్ట్ సైకాలజీ' పుస్తకంలో రెండు ఆకారాలు ఇచ్చారు, ఒకటి మెలికలు తిరిగిన గుండ్రటిది, ఒకటి మొనలు తేలినది. రెండు అర్థంలేని మాటలు కూడా ఇచ్చారు: మలుమ, తకెటె. ఏది ఏదో చెప్పమంటే చాలామంది గుండ్రటిదానికి మలుమ, మొనలదానికి తకెటె అన్నారు. తమిళనాడులో పుట్టిన నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బార్డ్‌తో కలిసి 2001లో దీన్ని బూబా, కికి అనే మాటలతో మళ్లీ ప్రాచుర్యంలోకి తెచ్చారు. ఆ తర్వాత 25 భాషలవారితో, 917 మందితో జరిగిన పెద్ద అధ్యయనంలో, మొత్తం మీద 72 శాతం సమాధానాలు ఊహించినట్టే వచ్చాయి. వేర్వేరు లిపులు వాడేవారిలోనూ ఈ పోలిక కనబడింది.

72 శాతం అనే అంకెను రెండు వైపులనుంచీ చదవాలి. గాలివాటంగా చెబితే 50 రావాలి. అంతకంటే ఎంతో ఎక్కువ వచ్చింది కాబట్టి ఆకారానికీ అనుభూతికీ ఉమ్మడి ముడి ఉంది. కానీ 100 రాలేదు. కొన్ని భాషలవారిలో ఆ పోలిక కనబడనే లేదు. గీతలో ఉన్న పాలు మనల్ని ఒకవైపుకు మొగ్గేలా చేస్తుంది, ఆజ్ఞాపించదు.

ఈ తేడా వాసిలీ కాండిన్‌స్కీ కథలో బాగా తెలుస్తుంది. నైరూప్య కళకు బాటవేసినవారిలో ఒకరైన ఆయన, రంగులకూ ఆకారాలకూ విశ్వమంతటికీ వర్తించే భాష ఉందని నమ్మారు. జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో 1923లో ఆయన ఒక ప్రశ్నపత్రం పంచారు. త్రికోణం, చతురస్రం, వృత్తం ఇచ్చి, పసుపు, ఎరుపు, నీలం రంగుల్లో ఏది దేనికి తగునో నింపమన్నారు. ఆయన లెక్కలో త్రికోణం పసుపు, చతురస్రం ఎరుపు, వృత్తం నీలం. తర్వాత జర్మనీలోనే థామస్ యాకబ్సన్ అనే పరిశోధకుడు ఇదే ప్రశ్నపత్రాన్ని మళ్లీ వాడి, 2002లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువమంది త్రికోణానికి ఎరుపు, చతురస్రానికి నీలం, వృత్తానికి పసుపు వేశారు. రోడ్డు పక్క హెచ్చరిక గుర్తు ఎర్ర త్రికోణం. సూర్యుడు పసుపు వృత్తం. విశ్వభాష అనుకున్న చోట వీధిలో నేర్చుకున్న అలవాటు బయటపడింది.

మన దేశంలో ఒక తరానికి తలకిందులైన ఎర్ర త్రికోణం అంటే కుటుంబ నియంత్రణ. గోడల మీద, బస్సుల మీద, ఆస్పత్రుల మీద దాన్ని చూస్తూ పెరిగినవారికి ఆ ఆకారం ఒట్టి ఆకారంగా కనబడదు. పసుపూ కుంకుమల రంగులు కలిసి కనబడితే తెలుగింట్లో పెరిగినవారికి శుభం తోస్తుంది. మనకు తెల్లచీర వైధవ్యాన్ని గుర్తుచేయవచ్చు. అదే తెలుపు మరో దేశంలో పెళ్లికూతురి రంగు. కాబట్టి ఒక చిత్రం మీలో ఏదైనా భావం లేపినప్పుడు, అది మొన వల్లనో వాలు వల్లనో వచ్చిందా, లేక మన వీధి, మన ఇల్లు నేర్పిన గుర్తు వల్ల వచ్చిందా అని అడగడం అవసరం.

కనబడటం, కలగడం, నచ్చడం

ఇప్పటిదాకా చెప్పినదాన్ని బట్టి, నైరూప్య చిత్రం విషయంలో మనుషులు చాలావరకు ఏకీభవిస్తారని అనిపించవచ్చు. ఎడ్వర్డ్ వెస్సెల్, నావా రూబిన్ అనే పరిశోధకులు 2010లో ప్రచురించిన ఫలితం దీనికి ఎదురుగా కనిపిస్తుంది. నిజ ప్రపంచపు దృశ్యాల్లో ఏవి నచ్చాయో అడిగితే జనం చాలావరకు ఒకేలా చెప్పారు. నైరూప్య ఆకారాల్లో ఏవి నచ్చాయో అడిగితే ఒకరితో ఒకరికి పొంతన బాగా తగ్గిపోయింది.

రెండూ నిజమే, ఎందుకంటే అడిగిన ప్రశ్నలు వేరు. "ఈ గీతలో ఏ భావం కనబడుతోంది?" అన్నది ఒకటి. "ఈ గీతను చూస్తే నీకు ఏం కలిగింది?" అన్నది మరొకటి. "ఇది నీకు నచ్చిందా?" అన్నది ఇంకొకటి. వాలిన గీతలో దుఃఖం కనబడుతోందని పదిమంది ఒప్పుకోవచ్చు. ఆ పదిమందిలో ఒకరికి దుఃఖమే కలుగుతుంది, ఒకరికి ఊరట కలుగుతుంది, ఒకరికి విసుగు పుడుతుంది. నైరూప్య కళ మీద జరిగే గొడవల్లో చాలా భాగం ఈ మూడు ప్రశ్నలను ఒకే ప్రశ్నగా కలిపేయడం వల్లనే వస్తుంది.

మన అలంకార శాస్త్రానికి ఈ తేడా ఏనాడో తెలుసు. శోకం పాత్రలో నిలకడగా ఉండే భావం, అంటే స్థాయీభావం. రసజ్ఞుడైన ప్రేక్షకుడు, అంటే సహృదయుడు, అనుభవించేది కరుణ రసం. రంగస్థలం మీద శోకాన్ని చూసి ప్రేక్షకుడు ఆనందం ఎలా పొందుతాడన్నది భట్టనాయకుడు, అభినవగుప్తుడు వంటివారు లోతుగా చర్చించిన ప్రశ్న. ఖరగ్‌పూర్ పరిశోధకులు పాల్గొన్న ప్రయోగంలోని ఆరు భావాల్లో అయిదు, అంటే కోపం, అసహ్యం, భయం, దుఃఖం, ఆశ్చర్యం, నాట్యశాస్త్రం చెప్పిన స్థాయీభావాల్లోనూ ఉన్నాయి. ప్రయోగశాల ఇప్పుడు కొలుస్తున్నది ఎక్కువగా గీతలో కనబడే భావాన్ని. చూసేవారిలో కలిగే రసాన్ని కొలవడం ఇంకా కష్టమైన పని.

ఆ దిశలో ఒక మంచి అడుగు 2012లో పడింది. వెస్సెల్, గాబ్రియెల్ స్టార్, రూబిన్ 16 మందికి చిత్రాలు చూపి, అవి ఎంతగా కదిలించాయో మార్కులు వేయమంటూ మెదడును స్కాన్ చేశారు. ఒకరిని గట్టిగా కదిలించిన చిత్రం మరొకరిని కదిలించలేదు. కానీ ఎవరినైనా సరే ఏదైనా చిత్రం అత్యంత గాఢంగా కదిలించినప్పుడు, మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు, పాత సంగతులు తలచుకునేటప్పుడు చురుకయ్యే మెదడు ప్రాంతాలు కూడా పలికాయి. కొద్దిగా నచ్చిన చిత్రాలకు ఆ ప్రాంతాలు పలకలేదు. చిత్రం మనల్ని పట్టి కుదిపే ఘడియలో, దాన్ని చూడటంతోపాటు మన బతుకును కూడా చూసుకుంటున్నామన్నమాట.

"మా పిల్లాడూ ఇలా గీస్తాడు"

ఈ మాట అన్నవారిని తీసిపారేయకూడదు. అది పరీక్షించదగిన ప్రశ్న. 2011లో ఏంజెలినా హాలీ-డోలన్, ఎల్లెన్ విన్నర్ అనే పరిశోధకులు దాన్ని పరీక్షించారు. పేరున్న నైరూప్య చిత్రకారుల చిత్రాలను, చూడటానికి వాటిలాగే ఉండే పసిపిల్లల, చింపాంజీల, ఏనుగుల చిత్రాలతో జతచేసి, ఏది మెరుగైన కళ అని విద్యార్థులను అడిగారు. కొన్ని జతలకు ఎవరు గీశారో చెప్పే చీటీలు తారుమారు చేసి కూడా చూపారు. చిత్రకారుడి పనినే ఎంచుకున్న సందర్భాలు సగాన్ని మించి, మూడింట రెండు వంతుల దగ్గరికి చేరాయి. కళ చదవనివారు కూడా అలాగే ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే, ఆ చిత్రాల వెనుక ఒక ఉద్దేశం, ఒక ఆలోచన కనబడిందని చెప్పడం ఎక్కువగా వినబడింది. మూడింట ఒక వంతు తప్పులున్నాయన్నది కూడా మరచిపోకూడదు. గీతలో ఉద్దేశం ఉందా లేదా అన్నది కొంతవరకు కనబడుతుంది, పూర్తిగా కాదు.

కథ అల్లే అలవాటు

1944లో ఫ్రిట్జ్ హైడర్, మేరియాన్ సిమ్మెల్ అనే మనస్తత్వవేత్తలు ఒక చిన్న సినిమా చూపారు. అందులో ఒక పెద్ద త్రికోణం, ఒక చిన్న త్రికోణం, ఒక వృత్తం, తలుపున్న ఒక దీర్ఘచతురస్రం మాత్రమే ఉన్నాయి. అవి కదిలాయి, అంతే. ఏం జరిగిందో రాయమంటే, 34 మందిలో ఒక్కరే ఆకారాల భాషలో రాశారు. మిగతావారు తరిమినవాడు, తప్పించుకున్నవాడు, భయపడ్డ అమ్మాయి అంటూ కథ రాశారు. మెదడుకు ఖాళీ కనబడితే కథతో నింపుతుంది.

చిత్రం పక్కన పేరు ఉంటే ఆ కథకు దారి దొరుకుతుంది. వియన్నాలో హెల్ముట్ లెడర్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో, భావాన్ని విడమరచి చెప్పే పేరు ఇచ్చి తగినంత సమయం ఇస్తే, నైరూప్య చిత్రం మరింత అర్థమైందని జనం చెప్పారు. నచ్చడం మాత్రం దాంతో పెరగలేదు.

పేరు చేసే పనే కళాకారుడి జీవితకథ కూడా చేస్తుంది. మొహమ్మదీ చివరి సంవత్సరాల్లో, కదలికల మీద అదుపును తగ్గించే నాడీవ్యాధితో బాధపడ్డారు. 1990లో మరణించారు. ఈ సంగతి తెలిసిన వెంటనే ఆ సన్నని గీతలు మనకు వేరుగా కనబడతాయి. నిబ్బరంగా తోచినవి పోరాటంగా తోస్తాయి. ఈ మార్పు అబద్ధం కాదు, మన గుండెలో నిజంగానే జరుగుతుంది. కానీ గీత మారలేదు. అది వణకలేదు, ఎంత కచ్చితంగా ఉందో అంతే కచ్చితంగా ఉంది. జబ్బు సంగతి మనకు తెలిసినది, కచ్చితత్వం కాగితం మీద ఉన్నది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకున్నప్పుడే ఆమె సాధించినదేమిటో తెలుస్తుంది. రెండింటినీ కలిపేసి, గీతలో రోగాన్ని చదివామనుకుంటే ఆమె కళకు అన్యాయం చేసినట్టే.

బొమ్మ నుంచి మనిషిని చదవకూడదు

ఈ కలిపేయడం కళను దాటి మనుషుల మీదికి వస్తే హాని చేస్తుంది. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు హెర్మన్ రోర్షాక్ 1921లో పది సిరామరకల కార్డులతో ఒక పరీక్షను ప్రచురించారు. మరుసటి ఏడాదే, 37 ఏళ్ల వయసులో, మరణించారు. మరకలో ఎవరికి ఏం కనబడుతుందో దాన్ని బట్టి వారి మనసును చదవవచ్చన్న ఆశ ప్రపంచమంతా పాకింది. దశాబ్దాల పరీక్షల తర్వాత తేలిందేమంటే, ఆలోచనలో తీవ్రమైన గందరగోళాన్ని పట్టుకోవడానికి కొన్ని కొలతలు పనికొస్తాయి. వ్యక్తిత్వం గురించి చెప్పిన చాలా సంగతులకు గట్టి ఆధారం లేదు.

పిల్లవాడు నల్ల క్రేయానుతో కాగితమంతా గీకితే భయపడే తల్లిదండ్రులున్నారు. ఒక్క రంగును బట్టి, ఒక్క బొమ్మను బట్టి మనసులోని గాయాన్ని నిర్ధారించడానికి శాస్త్రం ఒప్పుకోదు. చేతికి అందిన క్రేయాను నల్లది కావచ్చు. ముదురు గీత పడటం వాడికి సరదా కావచ్చు. బొమ్మలో కోపం కనబడటం వేరు, గీసినవాడు కోపంగా ఉండటం వేరు. తెలుసుకోవాలంటే బొమ్మ గురించి వాడితోనే మాట్లాడాలి, వాడు చెప్పేది ఓపికగా వినాలి. నిజంగా దిగులుగా ఉన్నాడని వాడి తిండి, నిద్ర, ఆట చూస్తే అనుమానం వస్తే, వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి.

ఆధారం చూపి మాట్లాడదాం

నైరూప్య చిత్రం ముందు నిలబడ్డప్పుడు మూడు ప్రశ్నలు వరసగా వేసుకుంటే మంచిది. కాగితం మీద ఏముంది? గీతలు ఎటు వాలాయి, ఎక్కడ చిక్కబడ్డాయి, ఎక్కడ ఆగాయి, ఖాళీ ఎంత వదిలారు? రెండోది, నాలో ఏం కదిలింది? ఒంట్లో బిగువా, తేలికా, గుబులా? మూడోది, ఆ కదలిక గీత వల్ల వచ్చిందా, నా జ్ఞాపకం వల్ల వచ్చిందా, లేక పక్కన రాసిన పేరు వల్ల వచ్చిందా? పేరు చదవడానికి ముందు ఒకసారి, చదివాక ఒకసారి చూస్తే మూడో ప్రశ్నకు జవాబు సులువవుతుంది.

ఇదే చిత్రాన్ని ఇంకొకరితో కలిసి చూసి జవాబులు పోల్చుకోండి. ఇద్దరికీ కలిసిన చోట గీత పాలు ఎక్కువగా ఉండే అవకాశముంది. విడిపోయిన చోట ఇద్దరి జీవితాలు పలుకుతున్నాయి. అక్కడ ఎవరూ తప్పు కాదు; కానీ ఇద్దరూ తమ జవాబుకు మూలం చెప్పగలగాలి. "నాకు ఒంటరితనం అనిపించింది" అన్న మాట అక్కడితో ఆగితే అది అభిప్రాయం. "ఆ ఒక్క గీత మిగతావాటికి దూరంగా, అంచుకు అంటుకుని ఉండటం వల్ల అనిపించింది" అంటే ఎదుటివారు కూడా చూసి ఒప్పుకోగల, కాదనగల మాట అవుతుంది. శాస్త్రం అడిగేది కూడా అలాంటి మాటనే.

మన బడుల్లో డ్రాయింగ్ పీరియడ్ అంటే మామిడిపండునో, జాతీయ జెండానో ఉన్నదున్నట్టు దించడంగానే చాలాచోట్ల మిగిలిపోయింది. నెలకు ఒక్కసారైనా పిల్లలతో వస్తువు లేని గీతలు గీయించి, ఒకరి బొమ్మను ఇంకొకరికి ఇచ్చి, "ఏ గీత వల్ల నీకలా అనిపించింది?" అని అడగాలి. దానికి కాగితం, పెన్సిలు చాలు. ఆ ఒక్క ప్రశ్నతో పిల్లలు నిదానంగా చూడటం నేర్చుకుంటారు, తమకు కలిగిన భావానికి కారణం వెతకడం నేర్చుకుంటారు, తమలా అనిపించని మనిషి మాట కూడా వినడం నేర్చుకుంటారు. ఈ మూడూ చిత్రకళకు ఎంత అవసరమో, శాస్త్రానికీ, కలిసి బతకడానికీ అంతే అవసరం.